ప్రశ్నను మూసేసే తాళం ఎవరి చేతిలో ఉంది?

సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక చిన్న గది. సాయంత్రం పూట నలుగురైదుగురు విద్యార్థులు అక్కడ కూర్చుని కోడింగ్ నేర్చుకుంటారు. అందరూ ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాల పిల్లలే. ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. నా పరిశోధన పని మీద నేనూ అప్పుడప్పుడు వెళ్తుంటాను. వాళ్లలో ఒకతను సంక్షేమ హాస్టళ్ల జాబితాలన్నీ పోగేసి, ఏ మండలంలో ఎన్ని సీట్లున్నాయో ఒక్కచోట చూపించే పని మొదలుపెట్టాడు. జాబితాలు పీడీఎఫ్‌లలో ఉన్నాయి. తెరిచి చూస్తే చక్కటి తెలుగు. కాపీ చేసి మరోచోట పెడితే మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు.

డీటీపీ పని తెలిసినవాళ్లకు కారణం వెంటనే అర్థమవుతుంది. అను వంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో నడవవు. కంటికి 'క' కనబడుతుంది కానీ ఫైలు లోపల దాని స్థానంలో ఇంకేదో ఇంగ్లిష్ గుర్తు ఉంటుంది. ఆ కుర్రాడికి ఇదంతా తెలియదు. వచ్చిన ఇంగ్లిష్‌లో ప్రశ్న రాసి, ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నోత్తరాల సైట్‌లో పెట్టాడు. కొద్ది నిమిషాల్లోనే ప్రశ్న మూతపడింది. 'ఇది ఇంతకుముందే అడిగిన ప్రశ్న' అని ముద్ర వేసి, పీడీఎఫ్ నుంచి అక్షరాలు ఎలా తీయాలో చెప్పే మరో ప్రశ్నకు లింకు ఇచ్చారు. ఆ జవాబు యూనికోడ్‌లో ఉన్న ఫైళ్లకు పనికొస్తుంది. ఇతని ఫైళ్లకు పనికిరాదు.

"అక్కా, గీ ప్రశ్నకు ముందే జవాబుందంట. సూస్తే అది మన ప్రశ్ననే కాదు" అన్నాడు. ఆ తర్వాత అక్కడ మళ్లీ అడగలేదు.

చిన్న సంఘటనే. ప్రశ్న మూసినవాళ్లకు అతని కులం తెలియదు, తెలిసి చేశారని నేను అనడం లేదు. కానీ ఆ ముద్ర చూసినప్పటి నుంచి ఒక విషయం నన్ను వదలడం లేదు. ప్రశ్నకు జవాబు దొరకకపోవడం వేరు, ప్రశ్నను మూసేయడం వేరు. జవాబు రాకపోతే ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది, రేపైనా ఎవరో ఒకరు చెప్పొచ్చు. మూసేస్తే అది అడగదగ్గ ప్రశ్నే కాదని తీర్పు వచ్చినట్టు. ఆ తీర్పు ఎవరిస్తున్నారు, ఏ కారణంతో ఇస్తున్నారు, దానిమీద అప్పీలు ఉందా అన్నది మనం పట్టించుకోవలసిన సంగతి.

మూసివేత ఎలా జరుగుతుంది

ప్రోగ్రామర్లకు బాగా తెలిసిన స్టాక్ ఓవర్‌ఫ్లోను ఉదాహరణగా తీసుకుందాం. జెఫ్ అట్వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008లో దీన్ని మొదలుపెట్టారు. అడిగినవాళ్లకు అప్పటికప్పుడు సాయం చేయడం ఒక్కటే దాని లక్ష్యం కాదు. ఒక ప్రశ్నకు ఒక మంచి జవాబు, అది పదేళ్ల తర్వాత వెతికేవాళ్లకు కూడా దొరకాలి. అందుకే ప్రశ్నల నాణ్యతను సభ్యులే కాపలా కాయాలని నియమం పెట్టారు.

కాపలాదారు ఎవరన్నది రెప్యుటేషన్ అనే పాయింట్లు తేలుస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు ఒక్క పాయింటు ఉంటుంది. మీ ప్రశ్ననో జవాబునో ఒకరు మెచ్చుకుంటే పది పాయింట్లు. ఇంకొకరి పోస్టు కింద కామెంట్ రాయాలంటే 50 కావాలి. ప్రశ్నను మూసేయాలని ఓటు వేయడానికి 3,000 కావాలి, అంటే సుమారు మూడు వందల మెప్పులు. అలాంటివాళ్లు ముగ్గురు కలిస్తే ఏ ప్రశ్ననైనా మూసేయొచ్చు. ఇదివరకు అయిదుగురు కావాల్సి వచ్చేది. ఒక అంశంలో బంగారు బ్యాడ్జి ఉన్నవాళ్లయితే 'డూప్లికేట్' అని ఒక్కరే మూసేయగలరు.

మూసేటప్పుడు ఒక కారణం ఎంచుకోవాలి. ఇంతకుముందే అడిగారు. స్పష్టత లేదు. ఒకే విషయం మీద లేదు. అభిప్రాయాల మీద ఆధారపడింది. ఈ సైట్‌కు సంబంధించింది కాదు. మూతపడ్డ ప్రశ్నకు కొత్త జవాబులు రాయలేరు. అడిగినవాళ్లు ప్రశ్నను సవరించుకుంటే అది పునఃపరిశీలన వరుసలోకి వెళ్తుంది, తెరవడానికి మళ్లీ మూడు ఓట్లు పడాలి. డూప్లికేట్ కాక వేరే కారణంతో మూసిన, ఎవరి మెప్పూ పొందని, జవాబు లేని ప్రశ్నను తొమ్మిది రోజులు దాటాక యంత్రమే తుడిచేస్తుంది. తుడిచేసిన ప్రశ్నలు 10,000 పాయింట్లున్నవాళ్లకే కనిపిస్తాయి.

ఈ ఏర్పాటు దుర్మార్గం కోసం పుట్టింది కాదు. హోంవర్క్ ప్రశ్నలు, ప్రకటనలు, ఒకే ప్రశ్న వందసార్లు వచ్చిపడే చోట వడపోత లేకపోతే ఏదీ దొరకదు. పైగా ఆ వడపోత చేసేవాళ్లు జీతం లేని స్వచ్ఛంద సభ్యులు. కానీ ఫలితం ఒకసారి చూడండి. ఇంగ్లిష్ బాగా వచ్చి, ముందుగా చేరి, రోజూ గంటలకొద్దీ తీరిక ఉన్నవాళ్ల దగ్గర పాయింట్లు పోగుపడతాయి. ఆ పాయింట్లే అధికారం అవుతాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లు వాళ్ల తీర్పు కింద నిలబడాలి. కొత్తవాళ్లకు, మహిళలకు, శ్వేతజాతేతరులకు, ఇతర అణగారిన సమూహాలకు ఈ చోటు ఆదరంగా అనిపించడం లేదని కంపెనీయే 2018 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకుంది. మన సమాజంలో ముందు ఎవరు చేరారు, ఎవరికి తీరిక ఉంది, ఎవరికి ఇంగ్లిష్ అందింది అనే ప్రశ్నలకు జవాబు కులం దగ్గరికి వెళ్లకుండా దొరకదు.

ముద్రలు మనకు కొత్తవి కావు

ఆ కారణాల జాబితా చదువుతుంటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మూడు ముద్రలను విడివిడిగా చూద్దాం.

మొదటిది, 'ఇది ఇంతకుముందే ఉంది'. 2023లో కాలిఫోర్నియా చట్టసభ ఎస్‌బీ 403 బిల్లును ఆమోదించింది. కుల వివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లు అది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సియాటిల్ నగరం అలాంటి నిబంధన తెచ్చింది. అక్టోబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ బిల్లును వీటో చేశారు. ఆయన చెప్పిన కారణం కుల వివక్ష లేదని కాదు. ఇప్పటికే ఉన్న చట్టాల్లోని వర్గాల కింద అది నిషేధమే కాబట్టి ఈ బిల్లు అనవసరమని. సిలికాన్ వ్యాలీ ఆఫీసుల్లో మన తెలుగువాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. అక్కడ కులం పేరు చెప్పి ఫిర్యాదు చేయాలనుకున్న దళిత ఉద్యోగికి, నీ ప్రశ్నకు జవాబు పాత పేజీలో ఉంది, అక్కడ వెతుక్కో అన్నట్టే కదా ఇది. చిలకలగూడ కుర్రాడికి దొరికిన జవాబూ ఇదే రకం. పైకి రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. లోపలి తేడా అనుభవించినవాడికే తెలుస్తుంది.

మూసిన ప్రశ్న తెరుచుకోవడానికి ఎంతకాలం పడుతుందో మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఎస్సీలంతా ఒకే వర్గం, లోపల విభజించే అధికారం రాష్ట్రానికి లేదని 2004 నవంబర్‌లో ఈ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టం కొట్టివేతకు గురైంది. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ తీర్పును పక్కనపెట్టింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. వర్గీకరణ మీద మనలోనే భిన్నాభిప్రాయాలున్నాయి, వాటిని ఇక్కడ తేల్చబోవడం లేదు. ఒక ప్రశ్నను 'మీరంతా ఒకటే' అని మూసేస్తే, దాన్ని మళ్లీ వినిపించుకోవడానికి ఇరవై ఏళ్ల పోరాటం పట్టిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

రెండో ముద్ర, 'ఇది అభిప్రాయం'. అంబేద్కర్ కూడా దీన్ని ఎదుర్కొన్నారు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ ఆయనను తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచింది. కుల నిర్మూలన కోరే సంస్థే అది. ప్రసంగ పాఠం చేతికందాక కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన ఒక్క అక్షరం కూడా మార్చనన్నారు. సభే రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. ఈ రోజు ప్రపంచమంతా చదువుతున్న 'కుల నిర్మూలన' ఒక మూసివేత నుంచి బయటికొచ్చిన పుస్తకం. ఎనభై ఆరేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, గూగుల్ సంస్థలో దళిత చరిత్ర మాసం సందర్భంగా తేన్మొళి సౌందరరాజన్ మాట్లాడాల్సిన కార్యక్రమం రద్దయింది. కొందరు ఉద్యోగులు అభ్యంతరం చెప్పడంతో, ఇది ఉద్యోగుల మధ్య చీలిక తెస్తోందని సంస్థ కారణం చూపింది. కార్యక్రమం ఏర్పాటు చేసిన తనూజ గుప్తా ఆ తర్వాత రాజీనామా చేశారు. కులం గురించి ఆధిపత్య కులాలు మాట్లాడితే సంప్రదాయం. మనం అడిగితే వివాదం, రాజకీయం, అభిప్రాయం.

మూడో ముద్ర, 'స్పష్టత లేదు'. దీనికి మూలం భాష. స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రధాన సైట్‌లో ఇంగ్లిష్ తప్ప మరో భాషకు చోటు లేదు. ప్రోగ్రామర్లందరికీ ఇంగ్లిష్ ఉమ్మడి భాషగా ఉండటమే మేలని అట్వుడ్ 2009లోనే వాదించారు. తర్వాత పోర్చుగీస్, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో విడి సైట్లు వచ్చాయి. తెలుగుకు రాలేదు, హిందీకీ రాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. హైదరాబాద్ చూస్తే సాఫ్ట్‌వేర్ నగరం. అయినా తెలుగు మీడియం విద్యార్థి తనకు సగం వచ్చిన భాషలో, పూర్తిగా వచ్చినవాళ్ల కొలతల ప్రకారం ప్రశ్న అడగాలి. అతని ఆలోచన స్పష్టంగానే ఉంటుంది. స్పష్టత లేనిదల్లా అతని ఇంగ్లిష్ వాక్యం. మూసేవాళ్లకు ఆ రెండింటి మధ్య తేడా తెలుసుకునే తీరిక ఉండదు.

'మాదిగ' అనే మాటను యంత్రం ఎలా చదువుతుంది

ఇప్పుడు వడపోత మనుషుల చేతుల్లోంచి యంత్రాల చేతుల్లోకి పోతోంది. మరో పెద్ద ప్రశ్నోత్తరాల వేదిక కోరా 2018లో ఒక పోటీ పెట్టింది. పదమూడు లక్షల ప్రశ్నలు ఇచ్చి, వాటిలో 'చిత్తశుద్ధి లేని ప్రశ్నలు' ఏవో పసిగట్టే ప్రోగ్రాం రాయమంది. అప్పటికే సుమారు ఆరు శాతం ప్రశ్నలకు ఆ ముద్ర వేసి ఉంది. తటస్థంగా లేని స్వరం, ఒక సమూహాన్ని కించపరచడం, వాస్తవం మీద ఆధారపడకపోవడం వంటివి గుర్తులుగా చెప్పారు. ముద్రలు పూర్తిగా నిక్కచ్చి కావని కోరా కూడా అప్పుడే చెప్పింది.

ఉద్దేశం మంచిదే. రిజర్వేషన్ విద్యార్థుల ప్రతిభ గురించి వెటకారంగా అడిగే ప్రశ్నలు ప్రశ్నలు కావు, తిట్లు. అవి పోవాలి. చిక్కల్లా 'తటస్థ స్వరం' అనే కొలత దగ్గర వస్తుంది. ఊరి గుడిలోకి రానివ్వని మనిషి, అద్దె ఇల్లు దొరకని మనిషి తన ప్రశ్నను ఏ స్వరంలో అడగాలి? ఎవరికి ఏ దెబ్బా తగల్లేదో వాళ్లకే తటస్థంగా అడగడం తేలిక.

మాటల సంగతి ఇంకా ముఖ్యం. కామెంట్ల విషతీవ్రతను కొలిచే పర్‌స్పెక్టివ్ అనే పరికరాన్ని గూగుల్ అనుబంధ సంస్థ 2017లో విడుదల చేసింది. నల్లజాతి, స్వలింగ సంపర్కులు వంటి అస్తిత్వ పదాలు వాక్యంలో ఉంటే చాలు, అందులో తిట్టు లేకపోయినా అది ఎక్కువ విషం చూపిస్తోందని పరిశోధకులు పట్టుకున్నారు. కారణం తేలికైనదే. యంత్రానికి నేర్పిన వాక్యాల్లో ఆ పదాలు ఎక్కువగా తిట్లలోనే వచ్చాయి.

దీన్ని తెలుగులోకి తెచ్చి చూడండి. మాల, మాదిగ అన్న మాటలు శతాబ్దాలుగా తిట్లుగా వాడారు. కులం పేరుతో నలుగురిలో దూషించడాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా చెప్పింది. అదే మాటను 1994లో మొదలైన మాదిగ దండోరా ఆత్మగౌరవంగా మార్చింది. మంద కృష్ణ మాదిగతో పాటు వేలాదిమంది పేరు చివర ఆ మాట చేర్చుకున్నారు. అక్షరాలు అవే. పలికేవాళ్లను బట్టి, పలికే చోటును బట్టి ఒకటి నేరం, ఒకటి ఉద్యమం. నిషిద్ధ పదాల జాబితా పట్టుకుని కూర్చున్న యంత్రానికి ఈ తేడా తెలియదు. తిట్టేవాడు అక్షరం అటూ ఇటూ మార్చి తప్పించుకుంటాడు. తన పేరు తాను రాసుకున్నవాడు దొరికిపోతాడు.

పేరు ఎవరు పెట్టాలన్న తగవు కూడా మనకు పాతదే. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభకు హైదరాబాద్ నుంచి వెళ్లి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ప్రశ్నించారు. అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఇంకొకరు అంటించిన ముద్రను సభ మొదట్లోనే తీసిపారేసిన చరిత్ర ఇది.

అయితే వడపోత వద్దందామా?

వద్దనలేం. ఈ మాట నేను సులువుగా రాయడం లేదు. అంబేద్కర్ జయంతి రోజున ఒక పోస్టు పెట్టి చూడండి, కింద ఏం వస్తుందో మీకే తెలుసు. ఈక్వాలిటీ ల్యాబ్స్ 2019లో భారతదేశంలో ఫేస్‌బుక్ మీద చేసిన అధ్యయనంలో, వాళ్లు ఫిర్యాదు చేసిన ద్వేష పోస్టుల్లో 93 శాతం తొలగించకుండానే ఉండిపోయాయి. తీసేయాల్సింది ఉండిపోతుంది, ఉండాల్సింది మూతపడుతుంది. రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. మన అనుభవం తెలిసినవాళ్లు నిర్ణయం తీసుకునే చోట లేకపోవడమే ఆ జబ్బు.

మన సొంత గ్రూపుల్లో కూడా వడపోత ఉంది. విద్యార్థి సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో అడ్మిన్ ఎవరు? దళిత మహిళ లోపలి పితృస్వామ్యం గురించి అడిగితే, 'ఇప్పుడు ఇది అవసరమా' అని మూసేసింది ఎవరు? ఉపకులాల గురించి అడిగితే 'ఐక్యతకు భంగం' అన్నది ఎవరు? ఇతరులను నిలదీసే కొలతతోనే మనల్నీ కొలుచుకోవాలి.

కాబట్టి మూయాలా వద్దా అన్న దగ్గర ఆగిపోతే లాభం లేదు. ఎలా మూయాలన్నదే తేల్చుకోవాలి. దానికి సిలికాన్ వ్యాలీ వైపు చూడనక్కర్లేదు. ఈ దేశపు ఉద్యమాలు సాధించిన చట్టాల్లోనే మంచి పద్ధతి ఉంది.

మన చట్టాలు చెప్పే పద్ధతి

సమాచార హక్కు చట్టం, 2005 తీసుకోండి. అదీ ప్రశ్నోత్తరాల ఏర్పాటే. ఆరో సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లిష్‌లో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఇవ్వొచ్చు. రాయలేనివాళ్లు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయం చేయాలి. ఎందుకు అడుగుతున్నావని అడగకూడదు. ప్రశ్న వేరే శాఖకు చెందిందైతే తిప్పి పంపకూడదు, అయిదు రోజుల్లో ఆ శాఖకు బదిలీ చేయాలి. నిరాకరిస్తే కారణం రాయాలి, ఎన్ని రోజుల్లో ఎవరికి అప్పీలు చేసుకోవాలో కూడా అందులోనే చెప్పాలి. అప్పీలులో నిరాకరణ సరైనదేనని రుజువు చేసే భారం నిరాకరించిన అధికారి మీదే ఉంటుంది.

ఈ నియమాలను ఆన్‌లైన్ వేదికల పక్కన పెట్టి చూడండి. స్పష్టత లేదంటే సవరించుకోవాల్సింది అడిగినవాడే. సంబంధం లేదంటే వేరే చోటు వెతుక్కోవాల్సిందీ అతనే. తన ప్రశ్న అర్హమైనదేనని రుజువు చేయాల్సిందీ అతనే. బరువంతా అడిగినవాడి మీదే.

క్రిమినల్ చట్టంలోనూ ఇదే సూత్రం ఉంది. పోలీసులు కేసు మూసేస్తూ నివేదిక ఇస్తే, దాన్ని మెజిస్ట్రేట్ అంగీకరించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. 2015 సవరణతో అత్యాచారాల నిరోధక చట్టంలో చేరిన 15ఏ సెక్షన్ బాధితులకు విచారణ దశలన్నిటా తమ మాట వినిపించే హక్కు ఇచ్చింది. 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్', 'సాక్ష్యాలు లేవు', 'ఇది సివిల్ తగాదా' అన్న ముద్రలతో అట్రాసిటీ కేసులు ఎలా మూతపడతాయో మన కార్యకర్తలకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ హక్కు అవసరమైంది.

2024 మే నెల గుర్తు చేసుకోండి. 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్లిన రోహిత్ వేముల కేసులో తెలంగాణ పోలీసులు మూసివేత నివేదిక ఇచ్చారన్న వార్త వచ్చింది. అతను ఎస్సీ కాడని అందులో రాశారు. అతను వేసిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా, ప్రశ్న వేసే అర్హతే అతనికి లేదన్నారు. తల్లి రాధిక, విద్యార్థులు ఊరుకోలేదు. మరింత దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. మూసిన ప్రశ్నను తెరిపించిన బలం గొంతెత్తిన మనుషులది. వాళ్లకు నిలబడటానికి కాస్త చట్టం ఉంది.

చట్టం కాగితం మీద ఉంటే సరిపోదని కూడా మన రాష్ట్రమే చూపించింది. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. రెండో అప్పీలు వినే నాథుడే లేడు. ఏ ప్రశ్ననూ మూసేసినట్టు ఎవరూ ప్రకటించలేదు, అయినా రెండేళ్లకు పైగా ఆ ప్రశ్నలన్నీ మూతపడే ఉన్నాయి. మరోవైపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చేసింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో నిరాకరించే వీలు పెరిగింది. స్కాలర్‌షిప్పులు, అసైన్డ్ భూములు, సబ్సిడీ రుణాలు ఎవరి పేరు మీద వెళ్లాయని అడిగేవాళ్లకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

తుడిచేసిన ప్రశ్నల మీద కట్టిన జవాబులు

ఇదంతా ఇప్పుడెందుకంటే, ప్రశ్న అడిగే చోటే మారిపోతోంది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. 2023 జూన్‌లో అక్కడి మోడరేటర్లు సమ్మె చేశారు. యంత్రం రాసిన జవాబులను తొలగించడం మీద కంపెనీ తమ చేతులు కట్టేసిందన్నది వాళ్ల ఫిర్యాదు. 2024 మేలో ఆ కంపెనీ ఓపెన్ఏఐతో ఒప్పందం చేసుకుంది. నిరసనగా సొంత జవాబులను చెరిపేసుకోబోయిన సభ్యులను సస్పెండ్ చేశారు. అంటే మూసేసే అధికారం ఉన్నవాళ్లకు కూడా పైన ఇంకో తాళం ఉందన్నమాట.

చిలకలగూడ గదిలో కూడా ఇప్పుడు పిల్లలు ముందు చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. అది విసుక్కోదు, తెలుగులో అడిగినా జవాబిస్తుంది, ముద్ర వేయదు. ఆ మేరకు మేలే, వాళ్ల మొహాల్లో ఆ ధీమా చూస్తే నాకూ సంతోషమే. కానీ అది నేర్చుకున్నది నిలబడిన ప్రశ్నల నుంచి. తొమ్మిది రోజుల్లో చెరిగిపోయిన ప్రశ్నలు ఏ బయటి పాఠకుడికీ దొరకవు, ఏ యంత్రానికీ పాఠం కావు. అను ఫాంట్ గురించి అడిగిన ప్రశ్న నిలబడి ఉంటే, దానికి ఎవరో తెలుగు డీటీపీ అనుభవం ఉన్నవాళ్లు జవాబు రాసి ఉంటే, అది తర్వాతి వందమందికి పనికొచ్చేది. ఒక్కొక్కరూ ఒంటరిగా యంత్రాన్ని అడుగుతుంటే ఒకరి ప్రశ్న ఇంకొకరికి కనిపించదు. మన కష్టం మన ఒక్కరిదే అనుకుంటాం. బావి దగ్గర, హాస్టల్ మెస్‌లో, కాలేజీ కారిడార్‌లో ఒకరి ప్రశ్న ఇంకొకరు విన్నప్పుడే ఉద్యమాలు పుట్టాయి.

మనం అడగాల్సింది

వేదికలను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మూసినప్పుడు, ముద్ర ఒక్కటే కాక, ఈ ప్రశ్నలో ఏం తక్కువైందో ఒక వాక్యం రాయాలి. డూప్లికేట్ అంటే, పాత జవాబు తనకు ఎందుకు సరిపోదో చెప్పే అవకాశం మూయకముందే ఇవ్వాలి. మూసినవాళ్లే అప్పీలు వినకూడదు. భారతీయ భాషల్లో ప్రశ్న తీసుకోవాలి. కులం గురించిన మాటల మీద నిర్ణయాలు తీసుకునే చోట ఆ అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. 2021 ఐటీ నిబంధనలు పెద్ద సోషల్ మీడియా కంపెనీలకు, తమంతట తాము పోస్టు తొలగిస్తే ముందుగా కారణం చెప్పి, వాదించుకునే అవకాశం ఇవ్వాలని చెప్పాయి. 2022 సవరణతో ఫిర్యాదు అధికారి పైన అప్పీలు కమిటీలు కూడా వచ్చాయి. ఈ కమిటీలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయన్న భయం సరైనదే. అయినా మన పోస్టు తీసేసినప్పుడు ఊరుకోకుండా స్క్రీన్‌షాట్, తేదీ, చూపిన కారణం దాచిపెట్టి ఫిర్యాదు వేయడం అలవాటు చేసుకోవాలి. రికార్డు లేని అన్యాయం మీద వాదన నిలవదు.

మన గ్రూపుల్లో కూడా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. ఇద్దరు అడ్మిన్లలో ఒకరు మహిళ ఉండాలి. తీసేసిన ప్రతి పోస్టుకూ కారణం అందరికీ తెలియాలి. కొత్తగా వచ్చినవాళ్లు తప్పుగా అడిగితే ప్రశ్నను సరిదిద్దే బాధ్యత పాతవాళ్లది.

ఆ హాస్టల్ జాబితాల పని ఆగలేదు. వారాసిగూడలో చాలాకాలం డీటీపీ చేసిన ఒక పెద్దాయన ఫైలు చూసి, రెండు నిమిషాల్లో విషయం చెప్పాడు. ఏ గుర్తు వెనుక ఏ అక్షరం ఉందో ఆ కుర్రాడు ఇప్పుడు ఒక పట్టిక రాసుకుంటున్నాడు. సగం అయింది. పూర్తయ్యాక దాన్ని తెలుగులోనే, ప్రశ్నతో సహా, అందరికీ కనిపించే చోట పెడతానంటున్నాడు. ఈసారి ఎవరైనా మూసేస్తే కారణం అడుగుతాడట.